బంద్ కాని కంప్యూటర్: మేడ్చల్, శామీర్‌పేట వినియోగదారుల ప్రశ్నలు

షట్‌డౌన్ నొక్కి పడుకుంటారు. పొద్దున లేచేసరికి సీపీయూ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. లేదంటే ఆరినట్టే ఆరి, కాసేపటికి తనంతట తానే మళ్లీ లేస్తుంది. వెంటనే దుకాణానికి తీసుకెళ్తాం. అక్కడ చాలామంది చేసే మొదటి పని పాత విండోస్ తుడిచేసి కొత్తగా ఎక్కించడం. తప్పు ఎవరిదో చెప్పే ఆధారం ఆ ఒక్క పనితో చెరిగిపోతుంది. అమ్మినవారిదా, తయారుచేసిన కంపెనీదా, సాఫ్ట్‌వేర్‌దా, కరెంటుదా అన్నది తేలితేనే చట్టం మీకు అక్కరకొస్తుంది. అందుకే ఇక్కడ రిపేరు సంగతీ హక్కుల సంగతీ కలిపి చెబుతున్నాం.

షట్‌డౌన్ కొట్టినా పూర్తిగా ఆరినట్టు లేదు. ఇది లోపమేనా?

కాకపోవచ్చు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు ఉంది. ఇది ఆన్‌లో ఉంటే మీరు షట్‌డౌన్ కొట్టినప్పుడు మీ ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, విండోస్ తన లోపలి భాగాన్ని డిస్కు మీద ఒక ఫైలులో దాచుకుని, మళ్లీ ఆన్ చేసినప్పుడు అక్కడి నుంచే లేస్తుంది. ఏదైనా డ్రైవర్ చెడి ఉంటే ఆ చెడు కూడా దాంతోపాటే తిరిగొస్తుంది. రీస్టార్ట్ చేస్తే మాత్రం అన్నీ మొదటి నుంచి లోడ్ అవుతాయి. ‘షట్‌డౌన్ చేస్తే సతాయిస్తోంది, రీస్టార్ట్ చేస్తే బాగానే ఉంది’ అని చాలామంది అనడానికి కారణం ఇదే.

పరీక్ష తేలిక. షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. అప్పుడు కంప్యూటర్ పూర్తిగా ఆరుతుంది. అలా సరిగ్గా బంద్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, పవర్ బటన్ల సెట్టింగుల్లో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి. దీనికి ఎవరికీ రూపాయి ఇవ్వనక్కర్లేదు.

ఆరిపోయాక కూడా మౌస్ కింద ఎర్రలైటు వెలుగుతోందని కంగారు పడొద్దు. గోడ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ మదర్‌బోర్డుకు కొద్దిపాటి కరెంటు అందుతూనే ఉంటుంది. కరెంటు పోయి రాగానే కంప్యూటర్ దానంతట అదే లేస్తోందా? బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో), కరెంటు తిరిగొచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పే సెట్టింగు ఒకటి ఉంటుంది. దాన్ని ‘ఆఫ్’లో పెడితే సరి. ఈ రెండింటికీ వారంటీ అడగలేం, అడిగే అవసరమూ లేదు.

‘అప్‌డేట్ అండ్ షట్‌డౌన్’ కొడితే అప్‌డేట్ అయ్యి మళ్లీ ఆన్ అవుతోంది. దుకాణంవారిని అడగొచ్చా?

అది దుకాణంవారి తప్పు కాదు. విండోస్‌లోనే ఉన్న ఈ దోషం ఏళ్ల తరబడి జనాన్ని విసిగించింది. విండోస్ 11కు 2025 అక్టోబరు చివర్లో ఇచ్చిన ప్రివ్యూ అప్‌డేట్‌లో మైక్రోసాఫ్ట్ దీన్ని సరిచేసింది. మీ కంప్యూటర్ ఇంకా అలాగే చేస్తుంటే అప్‌డేట్లన్నీ ఎక్కాయో లేదో చూసుకోండి. ‘ఆఫ్ చేయవద్దు’ అని తెర మీద ఉన్నంతసేపూ పవర్ బటన్ అదిమి పట్టొద్దు. మధ్యలో ఆపితే విండోస్ లేవకుండా పోవచ్చు, ఆ నష్టానికి ఎవరినీ బాధ్యులను చేయలేరు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని కూడా గుర్తుంచుకోండి.

సర్వీసుకు ఇచ్చే ముందు ఏం దాచుకోవాలి?

ఈ ఒక్క జవాబు గుర్తుంటే మిగతావి మరిచిపోయినా ఫర్వాలేదు. ముందుగా ఫోన్‌తో వీడియో తీయండి. షట్‌డౌన్ నొక్కడం, ‘షటింగ్ డౌన్’ అని తెర మీద పడటం, ఎంతసేపైనా ఆరకపోవడం అందులో ఆగకుండా కనబడాలి. తర్వాత సెర్చ్‌లో ‘ఈవెంట్ వ్యూయర్’ తెరిచి, విండోస్ లాగ్స్‌లోని సిస్టమ్ భాగం చూడండి. ‘కెర్నల్ పవర్ 41’, ‘6008’ అనే సంఖ్యలు కనిపిస్తే, అంతకుముందు కంప్యూటర్ సక్రమంగా మూతపడలేదని అర్థం. తేదీ, సమయంతో సహా ఫొటో తీసుకోండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. 41 కనబడినంత మాత్రాన యంత్రం చెడిందని రుజువు కాదు. కరెంటు పోయినా అదే పడుతుంది, మీరు బటన్ అదిమి ఆపినా అదే పడుతుంది. అందుకే కరెంటు పోయిన వేళలు ఒక కాగితం మీద రాసిపెట్టుకుని, లాగ్‌లోని వేళలతో సరిచూడండి. కరెంటు పోని రోజున, మీరు ముట్టుకోని వేళ 41 పడి ఉంటే అప్పుడు ఎస్‌ఎంపీఎస్‌నో (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) మదర్‌బోర్డునో అనుమానించాలి.

ఇంకో పరీక్ష: ప్రింటర్, పెన్‌డ్రైవ్, వైఫై డాంగిల్ అన్నీ పీకేసి ఆపి చూడండి. తర్వాత, తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ లేచే సేఫ్ మోడ్‌లో ఆపి చూడండి. సేఫ్ మోడ్‌లో చక్కగా ఆరిందంటే, బయటి డ్రైవర్‌నో ప్రోగ్రామ్‌నో ముందుగా అనుమానించాలి. అక్కడా ఆరకపోతే హార్డ్‌వేర్ మీద అనుమానం బలపడుతుంది. ల్యాప్‌టాప్ అయితే, ఆరిందో లేదో చూడకుండా బ్యాగులో పెట్టొద్దు. లోపల వేడెక్కుతుంది. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే ఇక వాడకండి.

మా కాలనీలో వోల్టేజీ ఎగుడుదిగుడు. అదే కారణమైతే ఎవరిని అడగాలి?

కొత్త కాలనీల్లో, పాత ట్రాన్స్‌ఫార్మర్ మీద కొత్త అపార్ట్‌మెంట్ల లోడ్ పడేచోట ఈ అనుమానం న్యాయమైనదే. గృహ కనెక్షన్‌కు ఇచ్చే వోల్టేజీ నిర్ణీత స్థాయి నుంచి 6 శాతానికి మించి పైకీ కిందికీ పోకూడదన్నది నిబంధన. మీ ఇంట్లో అలా జరుగుతుంటే దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థకు 1912లో ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు తప్పకుండా రాసుకోండి. నోటిమాటగా లైన్‌మన్‌కు చెబితే రికార్డులో ఉండదు. పరిష్కారం కాకపోతే 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ కింద ఏర్పాటైన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దాని మీద విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. వినియోగదారుల రక్షణ చట్టం కూడా కరెంటు సరఫరాను ‘సేవ’గానే లెక్కిస్తుంది.

ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోవడం మాత్రం ఇంటి యజమానో బిల్డరో చూసుకోవాల్సిన పని. విద్యుత్ సంస్థ మీద నెట్టే ముందు ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోండి.

సికింద్రాబాద్‌లో అసెంబుల్ చేయించాం. ‘అమ్మిన సరుకు వాపసు లేదు’ అని బిల్లు మీదే ఉంది. ఇక అంతేనా?

కాదు. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార విధానం. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. ఈ హక్కు లోపమున్న సరుకుకే. రంగు నచ్చలేదంటే చెల్లదు.

పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట అసెంబుల్ చేయించుకునే వారికి అసలు చిక్కు మరోచోట ఉంది. మదర్‌బోర్డుకు ఒక కంపెనీ వారంటీ, ఎస్‌ఎంపీఎస్‌కు ఇంకొకటి, ఎస్‌ఎస్‌డీకి వేరొకటి. బిల్లులో ‘కంప్యూటర్ సెట్టు’ అని ఒక్క ముక్క రాయించుకుంటే రేపు ఏ కంపెనీ తలుపు తట్టాలో తెలియదు. ప్రతి భాగం పేరు, సీరియల్ నంబరు, వారంటీ కాలం బిల్లు మీద ఉండాలని పట్టుబట్టండి. జీఎస్టీ లేకుండా తక్కువకు ఇస్తామంటే ఆశపడొద్దు. బిల్లు చేతిలో లేకపోతే కొన్న సంగతే నిరూపించుకోవాల్సి వస్తుంది.

ఆన్‌లైన్‌లో కొన్నవారికి 2020 ఈ-కామర్స్ నియమాలు వర్తిస్తాయి. ఫిర్యాదు అందినట్టు ఆ సంస్థ గ్రీవెన్స్ అధికారి 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి.

సర్వీస్ సెంటర్‌వారు ‘ఇది సాఫ్ట్‌వేర్ సమస్య, వారంటీలో రాదు’ అంటున్నారు.

ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. ఏ పరీక్ష చేసి తేల్చారో జాబ్‌షీట్‌లో ఉండాలి. వారంటీ సాధారణంగా హార్డ్‌వేర్‌కే ఉంటుందన్నది నిజమే. అయితే ల్యాప్‌టాప్‌తోపాటే వచ్చిన విండోస్‌కు సాయం చేయాల్సింది మొదట తయారీ కంపెనీయే. కంపెనీ ఎక్కించి పంపిన స్థితికి తెచ్చాక కూడా కంప్యూటర్ బంద్ కాకపోతే ‘మీరు వేసుకున్న సాఫ్ట్‌వేర్’ అనే వాదన నిలబడదు. వారంటీ గడువు దగ్గరపడుతుంటే ఆలస్యం చేయొద్దు. ఈమెయిల్‌లో ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకుంటే, గడువు లోపలే చెప్పామనడానికి అదే సాక్ష్యం.

బయటి మెకానిక్‌తో విప్పించొచ్చా అని చాలామంది అడుగుతారు. వారంటీ కాలంలో విప్పించకపోవడమే మేలు. కేంద్రం 2022 డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది, అందులో కంపెనీల సర్వీసు వివరాలు దొరుకుతాయి. కానీ రిపేరు హక్కు పేరుతో ప్రత్యేక చట్టమేదీ మన దేశంలో లేదు. వారంటీ అయిపోయాక మాత్రం నిస్సంకోచంగా ఊళ్లో తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఫీజు తీసుకుని చేసిన పని కాబట్టి అతను ఇచ్చేదీ చట్టం దృష్టిలో సేవే. రసీదు అడగండి.

రిపేరుకిచ్చిన డిస్కులో ఇంటి ఫొటోలు, బ్యాంకు కాగితాలు ఉన్నాయి. భయంగా ఉంది.

ఆ భయం అక్షరాలా సరైనది, ముఖ్యంగా ఇంట్లో ఆడపిల్లలు ఉన్నవారికి. ఇచ్చే ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి మార్చుకుని ఇక్కడ తీసేయండి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు తొలగించండి. వీలుంటే డిస్కు విప్పి ఇంట్లోనే ఉంచుకుని మిగతాది ఇవ్వండి.

యజమాని అనుమతి లేకుండా డేటా కాపీ చేసుకోవడం ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. మోసపూరితంగా చేస్తే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు, లేదా రూ. 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. అలా జరిగిందని తెలిస్తే 1930కు ఫోన్ చేయండి, లేదా స్థానిక పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. బెదిరిస్తే డబ్బు ఇచ్చి నోరు మూయించాలని చూడకండి.

జినోమ్ వ్యాలీలో ఉద్యోగం. ఆఫీసు ల్యాప్‌టాప్ రాత్రి ఆరడం లేదు.

అది మీ సొత్తు కాదు, సెట్టింగులు మార్చకండి. ఆఫీసు ఐటీ విభాగమే రాత్రివేళ అప్‌డేట్లు పంపేలా పెట్టి ఉండొచ్చు. వారికి టికెట్ పెట్టండి.

నాకు జిరాక్స్ షాపు ఉంది. వ్యాపారానికి కొన్న కంప్యూటర్‌కూ ఈ చట్టం వర్తిస్తుందా?

వ్యాపారం కోసం కొన్నవారు మామూలుగా ‘వినియోగదారు’ కిందికి రారు. కానీ స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొని, తామే వాడుకునేవారికి చట్టం మినహాయింపు ఇచ్చింది. మేడ్చల్ బస్టాండ్ పక్కన ఒక్క సిస్టమ్‌తో షాపు నడుపుకునే మనిషికి ఈ తలుపు తెరిచే ఉంది. అలాగే తండ్రి కొన్న కంప్యూటర్‌ను ఆయన అనుమతితో వాడే కూతురు కూడా వినియోగదారే. ఫిర్యాదు ఆమే పెట్టొచ్చు.

ఫిర్యాదు ఎక్కడ, ఎంత ఖర్చు?

మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనే మాట్లాడొచ్చు. చాలా కంపెనీలు ఈ దశలోనే దారికొస్తాయి. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్నది సికింద్రాబాద్‌లోనైనా, ఆన్‌లైన్‌లోనైనా, మీరు నివసించే జిల్లాలో కేసు వేసే హక్కు 34వ సెక్షన్ ఇచ్చింది. అంటే మేడ్చల్, శామీర్‌పేట వాసులకు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా చాలు. 2025 జనవరి 1న మొదలైన ‘ఈ-జాగృతి’ పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు.

కొన్న ధర రూ. 5 లక్షల లోపైతే ఫీజు లేదు, కాబట్టి ఇంటి కంప్యూటర్ కేసుకు పైసా కట్టక్కర్లేదు. లాయరు తప్పనిసరి కాదు. న్యాయ సహాయం కావాలంటే మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా అందుతుంది. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ నంబరు 15100. సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోగా కేసు వేయాలి.

గెలిస్తే ఏం వస్తుంది?

లోపం సరిచేయడం, కొత్త కంప్యూటర్ ఇవ్వడం, డబ్బు వాపసు, పరిహారం, ఖర్చులు. కమిషన్ వీటిలో ఏదైనా ఆదేశించొచ్చు. లోపం పరీక్ష చేయకుండా తేలదనుకుంటే వస్తువును ల్యాబ్‌కు పంపుతుంది. పరీక్ష లేని కేసు మూడు నెలల్లో, పరీక్ష ఉన్నది ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో వాయిదాలు పడతాయి, ఓపిక కావాలి. ల్యాబ్‌కు వెళ్లే రోజున కూడా మీరు మొదట తీసిన వీడియో, లాగ్ ఫొటోలు, జాబ్‌షీటు దాని పక్కనే ఉండాలి.

తీర్పు వచ్చాక అవతలివారు 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. కానీ తీర్పులో కట్టమన్న మొత్తంలో సగం ముందు జమ చేయాలి. అప్పీలూ చేయక, ఆదేశమూ పాటించకపోతే 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా రూ. 25 వేలకు తగ్గకుండా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అమలు కోసం మీరు తీర్పిచ్చిన కమిషన్‌లోనే దరఖాస్తు పెట్టుకోవాలి.