ఖడ్గమును కృపయును: మరణశిక్షను గూర్చిన వేదపాఠము

పఠింపవలసిన వేదభాగములు: ఆదికాండము 4:8-16; 9:5-6; ద్వితీయోపదేశకాండము 17:6-7; యెహెజ్కేలు 33:11; లూకా 23:39-43; రోమీయులకు 12:17 నుండి 13:4 వరకు.

పాఠోద్దేశము: నేరస్థుని ప్రాణము తీయుటకు ప్రభుత్వమునకు అధికారము కలదా? కలదేని, ఆ అధికారమును వినియోగించుట ఎల్లప్పుడును ధర్మమగునా? ఈ రెండు ప్రశ్నలను వేరుచేసి, వాక్యపు వెలుగులో పరిశీలించుట.

ఉపోద్ఘాతము

1999 జనవరి 22వ తేదీ రాత్రి ఒరిస్సా రాష్ట్రములోని కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్ గ్రామమున, తమ వాహనములో నిద్రించుచున్న మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన కుమారులైన పదేండ్ల ఫిలిప్‌ను, ఆరేండ్ల తిమోతిని ఒక గుంపు సజీవదహనము గావించెను. ఆస్ట్రేలియా దేశస్థుడైన ఆయన 1965 నుండి బారిపడలో కుష్ఠరోగుల మధ్య సేవ చేయుచుండెను. ఆయన భార్య గ్లాడిస్, హంతకులను తాను క్షమించితినని బహిరంగముగా చెప్పెను. ఆ మాట దేశమంతటను వినబడెను. అనేకులు దానిని విని కన్నీరు విడిచిరి.

అయితే ఆమె క్షమించినంత మాత్రమున న్యాయస్థానపు పని ముగియలేదు. 2003లో విచారణ న్యాయస్థానము ముఖ్య నేరస్థునికి మరణశిక్ష విధించెను. 2005లో ఒరిస్సా హైకోర్టు దానిని యావజ్జీవ కారాగార శిక్షగా మార్చెను. 2011 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును స్థిరపరచెను. ఆ సంవత్సరములలో మన సంఘములలోనే రెండు విధములైన మాటలు వినబడెను. అట్టివానిని ఉరితీయకున్న న్యాయమెక్కడ అని కొందరు అడిగిరి. క్షమించిన విధవరాలి కన్నుల యెదుట ఉరికంబము నిలుపుట సువార్తకు తగునా అని మరికొందరు అడిగిరి. ఇరువురును ఒకే బైబిలు చదువువారే. కనుక ఈ విషయము కోపముతోనో కనికరముతోనో త్రోసివేయదగినది కాదు. వాక్యమును తెరచి నిదానముగా నేర్చుకొనదగినది.

1. ప్రాణము దేవునిది

నరహత్యను గూర్చిన మొదటి కథ కయీను కథ. అక్కడ హంతకునికి తీర్పు తీర్చినవాడు దేవుడే. ఆశ్చర్యమేమనగా, ఆయన కయీనును చంపలేదు. దేశదిమ్మరిగా శిక్షించెను, అయినను ఎవడును వానిని చంపకుండునట్లు వానికి ఒక గురుతు వేసెను. శిక్షయు కాపుదలయు ఒకే చేతినుండి వచ్చెను.

జలప్రళయము తరువాత నోవహుతో దేవుడు చేసిన నిబంధనలో వేరొక మాట కలదు. నరుని రక్తము చిందించువాని రక్తము నరుని వలననే చిందింపబడునని అక్కడ చెప్పబడెను. దానికి ఇచ్చిన కారణము గమనింపదగినది: నరుడు దేవుని స్వరూపమందు చేయబడెను. మరణశిక్షను సమర్థించువారికి ఇదియే మూలాధారము. హత్య కేవలము ఒక కుటుంబమునకు కలిగిన నష్టము కాదు, దేవుని స్వరూపమునకు జరిగిన అవమానమని వారందురు. ఇది గొప్ప సత్యము. హతుని ప్రాణమునకు విలువ కట్టలేని సమాజము దేవునికి భయపడు సమాజము కాదు.

అయితే అదే కారణము రెండవ వైపునకును త్రిప్పి చూడవలెను. ఆ స్వరూపము హంతకునియందు చెరిగిపోయి యుండవచ్చును గాని, తుడిచివేయబడలేదు. కనుక హతుని ప్రాణమును గౌరవించుమని చెప్పు వాక్యమే, నేరస్థుని ప్రాణమును తేలికగా ఎంచవద్దనియు చెప్పుచున్నది.

2. ధర్మశాస్త్రము వేసిన కట్టుబాట్లు

మోషే ధర్మశాస్త్రము పలు నేరములకు మరణశిక్ష విధించినది. నిర్గమకాండము 21వ అధ్యాయము ప్రకారము నరహత్యకే గాక, మనుష్యుని దొంగిలించి అమ్మినవానికిని, తండ్రినైనను తల్లినైనను కొట్టినవానికిని అదే శిక్ష. నేడు ఏ క్రైస్తవుడును ఈ పట్టికనంతటిని మన శిక్షాస్మృతిలో చేర్చవలెనని కోరడు. కాబట్టి పాత నిబంధనలో ఉన్నదను ఒక్క మాటతో వాదము ముగియదు.

ఆ శాస్త్రము శిక్షతో పాటు విధించిన కట్టుబాట్లు మరి ముఖ్యమైనవి. ఒక్క సాక్షి మాటమీద ఎవనికిని మరణశిక్ష లేదు. ఇద్దరో ముగ్గురో సాక్షులుండవలెను. సాక్ష్యమిచ్చినవాడే మొదటి రాయి వేయవలెను. అనగా అబద్ధసాక్షి తన చేతితోనే నిర్దోషిని చంపవలసియుండును. హంతకుని ప్రాణమునకు బదులుగా విమోచన ధనము తీసికొనరాదని సంఖ్యాకాండము 35:31 శాసించుచున్నది. ధనవంతుడు డబ్బిచ్చి తప్పించుకొనుచు, దరిద్రుడు మాత్రము చచ్చుట దేవునికి హేయము.

ఈ కట్టుబాట్లు తప్పినప్పుడు ఏమగునో నాబోతు చరిత్ర చూపుచున్నది (1 రాజులు 21). ఇద్దరు సాక్షులుండిరి, పెద్దలుండిరి, ఉపవాస దినము చాటింపబడెను. విధియంతయు సక్రమముగానే జరిగినట్లు కనబడెను. అయినను ఒక నిర్దోషి చంపబడెను, వాని ద్రాక్షతోట రాజు వశమాయెను.

3. మన దేశ చట్టము

స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలో, హత్యానేరమునకు ఉరిశిక్ష విధింపని న్యాయాధిపతి అందుకు కారణము వ్రాయవలసి యుండెను. 1955లో ఆ నియమము తొలగింపబడెను. 1973 నాటి నేరవిచారణ స్మృతి దానిని పూర్తిగా తలక్రిందులు చేసెను: ఉరిశిక్ష విధించు న్యాయాధిపతియే ప్రత్యేక కారణములు వ్రాయవలెను. 1974లో మన ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక యువతి కేసులో సుప్రీంకోర్టు ఆమె వయస్సును, జీవిత పరిస్థితులను పరిగణించి ఉరిశిక్షను యావజ్జీవ శిక్షగా మార్చెను. 1980లో బచ్చన్ సింగ్ కేసులో అదే న్యాయస్థానము మరణశిక్ష రాజ్యాంగబద్ధమేనని చెప్పుచు, అది అత్యంత అరుదైన కేసులకు మాత్రమే చెల్లునని హద్దు విధించెను. రాజ్యాంగపు 72వ, 161వ అధికరణములు రాష్ట్రపతికిని గవర్నరుకును క్షమాభిక్ష ప్రసాదించు అధికారము నిచ్చుచున్నవి.

2015లో లా కమిషన్ తన 262వ నివేదికలో, ఉగ్రవాద సంబంధమైన నేరములకు తప్ప మరణశిక్షను రద్దుచేయవలెనని సిఫారసు చేసెను. అయినను 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆ శిక్షను ఉంచినది.

ఈ హద్దులు చాలునా? 1993 మార్చిలో చిలకలూరిపేట సమీపమున ఒక బస్సు దహనము చేయబడి ఇరువదిముగ్గురు ప్రయాణికులు మరణించిరి. ఇద్దరు దళిత యువకులకు ఉరిశిక్ష పడెను. 1997లో ఉరికి కొద్ది గంటల ముందు సుప్రీంకోర్టు నిలుపుదల ఆజ్ఞ ఇచ్చెను. 1998లో రాష్ట్రపతి శిక్షను తగ్గించెను. అంతకు మునుపు ఒక రాష్ట్రపతి త్రోసివేసిన విన్నపమే తరువాతి రాష్ట్రపతి కాలములో ఆలకింపబడెను. ఉత్తర ప్రదేశ్‌లో ఒకే నేరమునకు ఉరిశిక్ష పడిన ముగ్గురిలో ఒకనికి శిక్ష తగ్గింపబడెను, మరియొకడు 1981లో ఉరితీయబడెను. 2009లో సుప్రీంకోర్టు ఆరుగురు పేదలకు మరణశిక్ష ఖాయము చేసెను; 2019లో అదే న్యాయస్థానము ఆ ఆరుగురును నిర్దోషులని విడుదల చేసెను. ఆ పదేండ్లలో వారిని ఉరితీసియుండినయెడల 2019 నాటి తీర్పు ఎవరికి చదివి వినిపింపవలెను?

4. క్రొత్త నిబంధన వెలుగు

మరణశిక్షను సమర్థించువారు రోమా పత్రిక 13వ అధ్యాయమును చూపుదురు. అధికారి ఊరకయే ఖడ్గము ధరింపడనియు, కీడు చేయువానిమీద ఉగ్రతను చూపుటకు దేవుని సేవకుడనియు పౌలు అక్కడ వ్రాసెను. తాను మరణమునకు తగిన నేరము చేసినయెడల చచ్చుటకు వెనుదీయనని అతడు ఫేస్తు యెదుటను ఒప్పుకొనెను (అపొ. కార్యములు 25:11). ఈ వాక్యములను బట్టి 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణము దుష్టులను ఖడ్గముతో శిక్షించు అధికారము పాలకులకు కలదని ఒప్పుకొనెను. మన లూథరన్ సంఘములు ఆ ప్రమాణమునకు వారసులు. అంతకు మూడేండ్ల ముందు, 1527లో, అనాబాప్తిస్టులు ష్లైట్‌హైమ్‌లో వేరొక మాట చెప్పిరి: ఖడ్గము దేవుని నియామకమేగాని, అది క్రీస్తు పరిపూర్ణతకు వెలుపలిది. తెలంగాణలోని మెన్నొనైట్ బ్రదరన్ సంఘముల మూలములు ఆ ఉద్యమములోనే యున్నవి. ఒకే వాక్యముపై నిలిచినవారు రెండు మార్గములుగా నడచిరి.

అయితే పౌలు తన పత్రికను అధ్యాయములుగా విభజింపలేదు. 13వ అధ్యాయమునకు ముందు వచ్చిన మాట, పగ తీర్చుకొనక దేవుని ఉగ్రతకు చోటియ్యుమనియు, ఆకలిగొన్న శత్రువునకు భోజనము పెట్టుమనియు. కాబట్టి అధికారి చేతిలోని ఖడ్గము బాధితుని పగకు పనిముట్టు కాదు. పగను మనుష్యుల చేతులనుండి తీసివేయుటకే దేవుడు న్యాయమును ఒక పదవికి అప్పగించెను. జనసమూహము ఉరి ఉరి యని కేకలు వేసినప్పుడు దానికి లోబడిన న్యాయాధిపతి ఎవడో సువార్తలు చెప్పుచున్నవి, అతడు పిలాతు.

యోహాను 8వ అధ్యాయములో ఒక స్త్రీని ప్రభువునొద్దకు తెచ్చిరి. ధర్మశాస్త్రము స్త్రీ పురుషులిద్దరికిని శిక్ష విధించినది. తేబడినది ఆమె మాత్రమే. ప్రభువు శాస్త్రమును కొట్టివేయలేదు. మొదటి రాయి వేయవలసిన సాక్షులను వారి మనస్సాక్షి యెదుట నిలువబెట్టెను. ఆమె పాపమును పాపము కాదనలేదు. ఆమెకు మారుటకు కాలమిచ్చెను.

సిలువమీది దొంగ కథ మరింత లోతైనది. తమకు పడిన శిక్ష న్యాయమేనని అతడే ఒప్పుకొనెను. ప్రభువు అతనిని సిలువనుండి దింపలేదు. అతనికి పరదైసును వాగ్దానము చేసెను. దీనినిబట్టి క్షమాపణయు శిక్షయు ఒకే చోట నిలువగలవని తెలియుచున్నది. గ్లాడిస్ స్టెయిన్స్ క్షమించుటయు, న్యాయస్థానము శిక్షించుటయు పరస్పర విరుద్ధములు కావు. అదే సమయమున ఆ కథ మరియొకటి బోధించుచున్నది: ఎంతటి నేరస్థుని గూర్చియు ఆశ వదలుకొనుటకు మనకు అధికారము లేదు. దుష్టుడు చచ్చుటవలన దేవునికి సంతోషము లేదు. అతడు తన మార్గము విడిచి బ్రదుకుటయే ఆయన కోరిక.

5. ముగింపు

పై వాక్యములన్నిటిని కలిపి చూచినప్పుడు రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది, ప్రభుత్వమునకు ఖడ్గము అప్పగింపబడెనని లేఖనము ఒప్పుకొనుచున్నది. మరణశిక్షను సమర్థించు సహోదరుని కఠిన హృదయుడని నిందించుట తగదు. రెండవది, అప్పగింపబడిన అధికారమును ప్రతి పర్యాయమును వాడవలెనని లేఖనము ఎక్కడను ఆజ్ఞాపింపలేదు. హంతకుడైన మోషేకును, ఊరియాను చంపించిన దావీదుకును, స్తెఫను చావునకు సమ్మతించిన సౌలుకును దేవుడు బ్రదుకుటకు కాలమిచ్చెను. ఆ ముగ్గురి లేఖనములు తీసివేసినయెడల మన బైబిలులో ఎంత మిగులును?

నేరస్థుని జీవితాంతము చెరలో నుంచి సమాజమును కాపాడుటకు ప్రభుత్వమునకు వీలున్న ఈ దినములలో, సాక్ష్యము తప్పవచ్చునని, పేదవానికి మంచి వకీలు దొరకకపోవచ్చునని, ఒకే నేరమునకు రెండు గతులు పట్టవచ్చునని తెలిసిన ఈ దేశములో, ఆ ఖడ్గమును ఒరలోనే యుంచుట వివేకముగాను, సువార్తకు తగినదిగాను కనబడుచున్నది. అయితే ఇట్లు చెప్పువాడు హతుని ఇంటిని మరువరాదు. కుమారుని పోగొట్టుకొన్న తల్లి యొద్దకు ఒకసారియు వెళ్లక, నేరస్థుని కొరకు మాత్రమే కనికరము పలుకువాని మాటకు బలము లేదు. సంఘము ఆ రెండు గడపలును త్రొక్కవలెను: బాధితుల ఇంటి గడప, చెరసాల గడప. బారిపడలో ఆ విధవరాలు భర్తను చంపినవారిని క్షమించి, భర్త విడిచిన కుష్ఠరోగుల సేవను కొనసాగించెను. ఈ పాఠమునకు అంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానము లేదు.

చర్చనీయాంశములు

1. ఆదికాండము 4వ, 9వ అధ్యాయములను కలిపి చదివినప్పుడు హంతకుని గూర్చి దేవుని మనస్సు ఎట్లు కనబడుచున్నది?
2. బాధితులు క్షమించినప్పుడు న్యాయస్థానము శిక్షను తగ్గింపవలెనా? ఏల?
3. నిర్దోషి ఉరితీయబడు అవకాశము ఒక్కటే మరణశిక్షను మానుటకు చాలిన కారణమా?
4. మీ ప్రాంతమున హత్య వలన నష్టపోయిన కుటుంబమునకును, చెరసాలలో నున్నవారికిని మీ సంఘము ఈ సంవత్సరము ఏమి చేయగలదు?

ప్రార్థన

నీతియు కనికరమును గల తండ్రీ, నిర్దోషియైన నీ కుమారుడు నేరస్థుల మధ్య మరణశిక్ష పొందెనని మేము మరువకుందుము గాక. మా న్యాయాధిపతులకు భయభక్తులను, బాధితులకు ఆదరణను, చెరలో నున్నవారికి మారుమనస్సును దయచేయుము. మా హృదయములలోని పగను తీసివేయుము. యేసుక్రీస్తు నామమున, ఆమేన్.