నీళ్లు చూసి ఊరు కట్టండి

ప్రశ్న: ‘సివిలైజేషన్ 6’లో 60 టర్న్‌లు దాటినా నాకు రెండు ఊళ్లే. కంప్యూటర్ మాత్రం నాలుగైదు కట్టేస్తోంది. తప్పెక్కడ జరుగుతోంది?
– డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: మంచి చోటు కోసం తొలి సెట్లర్‌ను నాలుగైదు టర్న్‌లు తిప్పుతున్నారేమో చూసుకోండి. మొదటి టర్న్‌లోనే, మహా అయితే రెండోదాంట్లో ఊరు పడాలి. రాజధాని తర్వాత కట్టే ఊళ్లకు, నది పక్కనైతే ఇళ్ల పరిమితి 5. నీళ్లే లేనిచోట 2. అంటే జనాభా ఒకటి ఉండగానే ఎదుగుదల సగానికి పడిపోతుంది. నల్గొండవాళ్లకు ఇది చెప్పాలా? పానగల్లు ఏలిన కందూరు చోడుల నాటి ఉదయసముద్రం చెరువు కళ్లెదుటే ఉందాయె!

ఒక్క అడుగు దూరంలో ప్లెయిన్స్ గుట్ట ఉంటే మాత్రం జరగండి. ఊరి గడికి ఉత్పత్తి 1కి బదులు 2 వస్తుంది.

తర్వాత స్కౌట్, స్లింగర్, వెంటనే సెట్లర్. ముందే స్టోన్‌హెంజ్ కట్టాలన్న మోజులో నేనెన్ని ఆటలు పాడుచేసుకున్నానో! సెట్లర్ బయటికొస్తే ఊళ్లో జనాభా ఒకటి తగ్గుతుంది. జనాభా 2 అయ్యే టర్న్‌కే అది తయారయ్యేలా లెక్క వేసుకోండి. మొత్తం జనాభా 6కి చేరితే ‘ఎర్లీ ఎంపైర్’ సివిక్ త్వరగా వస్తుంది. దాంతో దొరికే కాలనైజేషన్ కార్డు సెట్లర్ల ఉత్పత్తిని 50 శాతం పెంచుతుంది. మీ అసలు లోటు ఇక్కడే ఉందనిపిస్తోంది.

ఇండియాతో ఆడుతుంటే ఇరిగేషన్ రాగానే మెట్లబావి కట్టండి. తిండీ ఇళ్లూ రెండూ పెరుగుతాయి. గుట్టల మీద మాత్రం కట్టనివ్వదు.