మాడు వేరు, జడ వేరు

రాజమండ్రిలో నేను బ్యూటీ పార్లర్ తెరిచిన కొత్తలో అద్దం ముందు అరలో ఉండేవి షాంపూ డబ్బా, కొబ్బరినూనె సీసా, గోరింటాకు పొడి, రెండు మూడు దువ్వెనలు. ఇప్పుడు మా కోడలు నడుపుతున్న ఆ పార్లర్‌లోనే అరలు పైకప్పు దాకా వెళ్లాయి. వచ్చే అమ్మాయిల ఇళ్లల్లోనూ అంతే. షాంపూ, కండిషనర్, మాస్క్, సీరం, రోజ్‌మేరీ నీళ్లు, ఉల్లిపాయ నూనె, ఇవి చాలవన్నట్టు బయోటిన్ మాత్రలు. ఇన్ని వాడుతూ కూడా వాళ్లు అడిగేది ఒకటే: "పిన్నిగారూ, జుట్టు తెగ ఊడిపోతోంది, ఇంకేం రాయమంటారు?"

ఇన్నేళ్లుగా ఎందరి తలలో చూశాక నాకు కలిగిన నమ్మకం, చాలామందికి మూడు నాలుగు వస్తువులు మించి అక్కర్లేదని. అయితే ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తెలిసి తగ్గించాలి. కొన్ని తలలకి మందు తప్పదు. అందుకే నేను నేర్చుకున్నవి వరసగా రాస్తున్నాను.

1. ముందు మాడునీ జుట్టునీ విడదీసి చూడండి.

మాడు ప్రాణమున్న చర్మం. దానికి రక్తం అందుతుంది, చెమట పడుతుంది, జిడ్డు ఊరుతుంది, జబ్బు చేస్తుంది. వెంట్రుక కుదురు ఆ చర్మం లోపల ఉంటుంది. పైకి వచ్చిన వెంట్రుకలో మాత్రం ప్రాణం లేదు. అది కెరాటిన్ అనే ప్రోటీన్‌తో అయిన పోగు. కత్తిరిస్తే నొప్పి పుట్టదు, చిట్లితే తనంతట తాను అతుక్కోదు. దానికి తిండి పెట్టడం ఎవరివల్లా కాదు. సీసాల మీద "పోషణ" అని రాసినది వెంట్రుకకి చేసేదల్లా పైన పూత పూయడమే.

వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే అరవై సెంటీమీటర్ల జడ ఉన్న అమ్మాయికి జడకుచ్చుల దగ్గరున్న కొసలు ఐదేళ్ల నాటివి. ఐదు రోహిణి కార్తెలు చూశాయి, ఎన్ని వందలసార్లు దువ్వెన కింద నలిగాయో లెక్కలేదు. పాత పట్టుచీరని ఎలా చూసుకుంటామో వాటినీ అలాగే చూసుకోవాలి. తక్కువ ఉతుకు, తక్కువ ఎండ, నెమ్మదైన చెయ్యి.

కాబట్టి కొత్త సీసా చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఇది మాడుకా, జుట్టుకా అని అడగండి. కొసలకి రాసే క్రీముతో జుట్టు ఒత్తుగా మొలుస్తుందని చెబితే, ఆ మాట నమ్మి డబ్బు పెట్టకండి.

2. రాలడం ఎప్పుడు మొదలైందో కాదు, దానికి మూడు నెలల ముందు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి.

నేను చెప్పేవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. తలమీద ఉన్న సుమారు లక్ష వెంట్రుకల్లో రోజుకి యాభై నుంచి వంద దాకా రాలడం మామూలే. వారానికోసారి తలంటుకునేవాళ్లకి ఆ రోజు గుప్పెడు కనిపిస్తాయి. అన్నాళ్లుగా ఊడి జడలో చిక్కుకున్నవి ఒక్కసారి బయటపడ్డాయంతే.

కానీ కొందరికి దువ్వినా, తల తుడుచుకున్నా కుచ్చులు కుచ్చులుగా వస్తుంది. దిండు మీద, స్నానాలగది జాలీ దగ్గర, అన్నం పళ్లెంలో ఎక్కడ చూసినా వెంట్రుకలే. అలా ఏడుస్తూ వచ్చిన ఆడపిల్లల్ని నేను ముందు అడిగేది ఏం నూనె రాస్తున్నావని కాదు. "మూడు నెలల కిందట జ్వరమొచ్చిందా తల్లీ?" అని. టైఫాయిడ్, డెంగీ, కాన్పు, ఆపరేషన్, ఉన్నట్టుండి తిండి మానేసి చిక్కిపోవడం, ఇంట్లో పెద్ద దుఃఖం. ఒంటికి ఇలాంటి దెబ్బ తగిలితే పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి జారుకుంటాయి. ఆ దశ రెండు మూడు నెలలు ఉంటుంది. అది పూర్తయ్యాక అన్నీ కలిసి రాలతాయి. అప్పటికి జ్వరం సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు. కోవిడ్ తర్వాత ఊరూరా జుట్టు ఊడడానికి కారణం ఇదే.

దీనిలో ఊరట కలిగించే సంగతి, కుదురు చావదు. కారణం తొలగిపోతే చాలామందికి ఆరు నెలల్లో రాలడం తగ్గి, నుదుటి అంచున చిన్నచిన్న వెంట్రుకలు లేస్తాయి. ఇక్కడే ఒక పొరపాటు లెక్క మొదలవుతుంది. రాలడం బాగా ఎక్కువైన నెలలో ఎవరో చెప్పిన నూనె కొంటారు. ఇంకో రెండు నెలలకి రాలడం దానంతట అదే ఆగుతుంది. పేరు నూనెకి వస్తుంది. ఆ అమ్మాయి అబద్ధం చెప్పదు, నిజంగానే తగ్గింది కనుక పదిమందికి చెబుతుంది. ఒక నూనె "పనిచేసింది" అన్న కథల్లో చాలా వాటికి వేరు ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం.

గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న మాట కూడా ఇలాంటిదే. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇవ్వడం మొక్కు, భక్తి. దానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ కత్తి చర్మం పైన తిరుగుతుంది, కుదురుని తాకదు. కొత్తగా మొలిచిన వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుకుగా, ఒత్తుగా తగులుతుంది.

3. కుంకుడుకాయా షాంపూనా అని పోట్లాడుకోకండి.

మా చిన్నతనంలో కుంకుళ్లు కొట్టి, గింజ తీసేసి, వేడినీళ్లలో నానబెట్టి, పిసికి, నురగ వచ్చాక వడకట్టి అమ్మ తలంటేది. జిగురు కోసం మందారాకు కలిపేది. కంట్లో పడితే మంటకి ఇల్లెగిరిపోయేలా అరిచేవాళ్లం. ఆ నురగకి కారణం సాపోనిన్లు. జిడ్డుని పట్టి నీళ్లతో పాటు లాక్కుపోవడం వాటి పని. షాంపూలో ఉన్నవీ అదే పని చేస్తాయి. 1983లో కడలూరు నుంచి చిక్ షాంపూ చిన్న పాకెట్లలో వచ్చాక, పెద్ద సీసా కొనలేని ఇంటికి కూడా షాంపూ వెళ్లింది. తెల్లారి లేచి పనికి పోవాల్సిన ఆడవాళ్లకి అది ఎంత వెసులుబాటో నేను కళ్లారా చూశాను. చాకిరీ తగ్గించిన వస్తువుని నేను తప్పుపట్టను.

తీరిక ఉంటే కుంకుళ్లు, లేకపోతే మామూలు షాంపూ. రెండూ మాడుకే రుద్దండి. కారిన నురగ జడకి సరిపోతుంది. జుట్టంతా నెత్తిన పోగేసి బట్టలు ఉతికినట్టు పిసకడం వల్లే సగం చిక్కులు. ఎన్నాళ్లకోసారి అన్నది మీ చెమటని బట్టి. హెల్మెట్ పెట్టుకుని ఎండలో తిరిగేవాళ్లు రోజు విడిచి రోజు పోసుకున్నా తప్పులేదు. ఇంటిపట్టున ఉండేవాళ్లకి, పొడిజుట్టు వాళ్లకి వారానికి ఒకటి రెండు సార్లు చాలు. ఒంటిసబ్బుతో మాత్రం తల రుద్దకండి. బోరునీళ్ల ఊళ్లలో సబ్బు ఆ నీళ్లలోని కాల్షియంతో కలిసి తెల్లటి తెట్టులా జుట్టుకి అంటుకుంటుంది. షాంపూ మానేసి వంటసోడా వాడేవాళ్లు ఈ మధ్య కనిపిస్తున్నారు. దాని క్షారం వెంట్రుక పై పొరని లేపి గరుకు చేస్తుంది. తగ్గించడమంటే షాంపూ బదులు వంటింట్లోది ఏదో ఒకటి తీసి రుద్దడం కాదు.

4. కొబ్బరినూనె జుట్టుకి మంచిది. మొలిపించదు.

2003లో ముంబైలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. తలస్నానానికి ముందు రాస్తే వెంట్రుకలోంచి ప్రోటీన్ పోవడాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం అణువు చిన్నది, నిటారుగా ఉంటుంది, వెంట్రుక లోపలికి దిగగలదు. పరిశోధన చేసినవాళ్లు కొబ్బరినూనె అమ్మే కంపెనీ వాళ్లే, అది కూడా తెలుసుకుని చదవాలి. నా చేతికి తెలిసినంతలో అది నిజమే. తలంటుకి గంట ముందు జడ పొడవునా రాసిన జుట్టు తక్కువ తెగుతుంది, చిక్కు తేలిగ్గా వస్తుంది. రాత్రంతా ఉంచాల్సిన పని లేదు. మాడుకి మర్దన చేస్తే హాయిగా నిద్రపడుతుంది, అందుకోసం చేసుకోండి. కుదుళ్లు పెరుగుతాయన్న ఆశతో చేయకండి.

5. చుండ్రు ఉన్న మాడుకి నూనె వద్దు.

చుండ్రుకి కారణమయ్యే మలసేజియా అనే శిలీంధ్రం మాడు మీది కొవ్వు తిని బతుకుతుంది. మనం పొడిబారిందనుకుని నూనె రాస్తే దానికి విందు. కీటోకొనజోల్ షాంపూ మందులషాపులో దొరుకుతుంది. నురగ మాడు మీద మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగాలి, వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు. పోసిన వెంటనే కడిగేసి "పనిచేయలేదు" అనేవాళ్లే ఎక్కువ. ఎర్రబడి, దురద ఆగకపోతే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి.

6. కండిషనర్ ఒక్కటి ఉంచుకోండి.

పొడుగు జుట్టుకి, రంగు వేసిన జుట్టుకి ఇది నిజంగా అక్కరకొస్తుంది. ఒక వెంట్రుక ఇంకోదానికి రాసుకోకుండా జారేలా చేస్తుంది. చెవుల కింది నుంచి కొసలదాకా రాసి కడిగేయండి, మాడుకి వద్దు. మాస్క్, సీరం చేసేదీ చాలావరకు ఇదే పని. వెనక అచ్చేసిన పదార్థాల పేర్లు పక్కపక్కన పెట్టి చదవండి. డైమెథికోన్ లాంటి సిలికోన్లే మూడు సీసాల్లోనూ కనిపిస్తాయి. సిలికోన్ విషమేమీ కాదు, భయపడనక్కర్లేదు. ఒకే పనికి మూడుసార్లు డబ్బు ఎందుకన్నదే నా మాట.

7. స్ట్రెయిటెనింగ్, నల్లరంగు విషయంలో నేను కచ్చితంగా ఉంటాను.

పెళ్లికి ముందు కెరాటిన్ స్ట్రెయిటెనింగ్ చేయించుకోవాలని వచ్చే పిల్లలతో నాకు ఎప్పుడూ వాదనే. దానికి వాడే ద్రవాల్లో కొన్నిట్లో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, లేదా వేడి ఇస్త్రీ తగిలినప్పుడు పుడుతుంది. కళ్లు మండేది, గొంతు పట్టేసేది దానివల్లే. అది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఎప్పుడో తేల్చింది. "మాది ఫార్మాల్డిహైడ్ లేనిది" అని అమ్మేవాటిలో కొన్నిట్లో గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉంటుంది. 26 ఏళ్ల ఒక యువతి మూడుసార్లు స్ట్రెయిటెనింగ్ చేయించుకుంటే మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్న కేసుని ఫ్రెంచ్ వైద్యులు 2024లో ప్రచురించారు, ఆమెకి వాడిన క్రీములో ఉన్నది ఈ ఆమ్లమే. రోజూ ఆ పొగ పీల్చేది కుర్చీ వెనక నిలబడ్డ అమ్మాయి. ఆమె ఊపిరితిత్తుల గురించి ఎవరూ అడగరు. నేను అడుగుతున్నాను.

నల్లరంగుల్లో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. కొందరికి దానితో మాడు పొక్కి, కళ్లు మూసుకుపోయేంతగా మొహం వాస్తుంది. చెవి వెనక చుక్క రాసి 48 గంటలు ఆగి చూశాకే తలకి వేసుకోండి. ఏళ్లుగా వాడుతున్నవాళ్లకి కూడా ఒకరోజు హఠాత్తుగా పడకపోవచ్చు. అసలైన గోరింటాకు ఎర్రగానే పండుతుంది. గంటలో నల్లగా చేసే "హెన్నా"లో వేరేది కలిసినట్టే.

8. తడిజుట్టు దువ్వకండి, జడ బిగించి లాగకండి.

నుదుటి దగ్గర, చెవుల పైన జుట్టు వెనక్కి పోతున్న ఆడపిల్లలకి నేను ముందు జడ వదులు చేయమంటాను. ఏళ్ల తరబడి లాగితే అక్కడి కుదుళ్లు శాశ్వతంగా పోతాయి. దీనికి పైసా ఖర్చు లేదు.

9. కొన్నిటికి పార్లర్ అక్కర్లేదు, డాక్టర్ కావాలి.

నాణెమంత నున్నటి మచ్చ కనిపిస్తే అది పేనుకొరుకుడు. పేను కొరికినందువల్ల రాదు. మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద తిరగబడడం వల్ల వస్తుంది. వెల్లుల్లి రుద్ది చర్మం కాల్చుకుని వచ్చిన పిల్లల్ని చూసి నా కడుపు తరుక్కుపోయింది. చాలా మచ్చల్లో ఏడాదిలోపే జుట్టు తిరిగొస్తుంది, డాక్టర్లు ఇచ్చే ఇంజెక్షన్లతో ఇంకా త్వరగా రావచ్చు. ఉల్లిపాయ నూనె ప్రచారానికి ఆధారంగా చూపే 2002 నాటి బాగ్దాద్ పరిశోధన ఈ మచ్చల మీద, ఉల్లిరసంతో చేసిన చిన్న ప్రయోగం. మామూలుగా పలచబడే జుట్టుకీ సీసాలో పట్టిన నూనెకీ దాన్ని అంటగట్టడం సరికాదు.

పాపిడి ఏటేటా వెడల్పవుతుంటే, మగపిల్లలకి కణతల దగ్గర జుట్టు తగ్గుతుంటే ఆలస్యం చేయకండి. అక్కడ "ఏమీ రాయకుండా వదిలేద్దాం" అన్న మాట పనికిరాదు. మినాక్సిడిల్ మొదట రక్తపోటు మందు. దాన్ని వాడినవాళ్లకి వెంట్రుకలు మొలవడం చూసి తలకి రాసే మందుగా మార్చారు. 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. నాలుగు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలి, మానేస్తే వచ్చినది పోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు.

రక్తపరీక్ష కూడా చేయించండి. మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. థైరాయిడ్ సంగతి సరేసరి. ఆ లోటు తీరకుండా తలకి ఏం రాసీ లాభం లేదు. బయోటిన్ తక్కువైనవాళ్లు అరుదు. పైగా ఆ మాత్రలు ఎక్కువ మోతాదులో వేసుకుంటే థైరాయిడ్, గుండె పరీక్షల ఫలితాలు తారుమారవుతాయని అమెరికా ఔషధ సంస్థ 2017లో హెచ్చరించింది. వేసుకుంటున్నట్టయితే పరీక్షకి ముందే డాక్టరుకి చెప్పండి.

10. తగ్గించేటప్పుడు ఒక్కొక్కటిగా తగ్గించండి.

అన్నీ ఒకేరోజు చెత్తబుట్టలో వేస్తే ఏది మేలు చేస్తోందో ఎప్పటికీ తెలియదు. ముందు మాడుకి రాసే రకరకాల నూనెలు, నీళ్లు ఆపండి, డాక్టరు రాసిచ్చినవి తప్ప. ఒక నెల చూడండి. తర్వాత సీరం, ఆ తర్వాత మాస్క్. ఏదైనా ఆపినప్పుడు చిక్కులు పెరిగితే దాన్ని మళ్లీ తెచ్చుకోండి, అది మీకు కావలసినదే. రాలడం లెక్క మాత్రం నెలలో తేలదు, కనీసం మూడు నెలలు కావాలి. అందుకని మొదలుపెట్టే రోజున కిటికీ వెలుతురులో పాపిడి ఫొటో ఒకటి తీసి పెట్టుకోండి. మూడు నెలలకి అదే చోట, అదే వెలుతురులో ఇంకోటి తీసి రెండూ పక్కపక్కన చూడండి. పాపిడి వెడల్పయితే ఆ రెండు ఫొటోలూ తీసుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి.