పదివేల అడుగులు ఎందుకు చెల్లీ?

కొత్త బూట్లు కొన్నావట. ఫోన్‌లో రోజుకి పదివేల అడుగులని పెట్టుకున్నావట. రేపటి నుంచి ఐదింటికే లేచి నడుస్తానంటున్నావు. సంతోషమే, కాదనను. కానీ మన్యంలోని మన పెదబయలులో మార్గశిరం ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా? తెల్లారినా ఎదురిల్లు కనిపించని మంచు. ఆషాఢం దాటితే పట్టిన ముసురు ఓ పట్టాన వదలదు. ఎండాకాలాన్ని చూసుకుని ఏడాదంతటికీ మొక్కుకుంటే ఆ మొక్కు తీరదు. అప్పుడు "నావల్ల కాదులే అక్కా" అంటావు. లోపం నీది కాదే, లెక్కది.

ఇంతకీ ఆ పదివేలు డాక్టర్లు తేల్చిన అంకె కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటేడు, 1965లో, జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముకోవడానికి పెట్టిన పేరు. అమెరికాలో పెద్దవయసు ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. రోజుకి 2,700 అడుగులు వేసినవాళ్లకంటే 4,400 వేసినవాళ్లలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాటాక పెద్దగా తేడా లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకి చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. వారానికి, రోజుకి కాదు. పది నిమిషాల చొప్పున ముక్కలు చేసుకున్నా చెల్లుతుంది. ముసురులో పోయిన నడక సంత రోజు పూడ్చుకో. వెళ్లేటప్పుడు నడువు, సంచులు నిండాక ఆటో ఎక్కు, ఎవరూ తప్పుపట్టరు. పక్కనున్న ఆమెతో మాట్లాడగలగాలి, పాట మాత్రం అందుకోలేకపోవాలి. అంత వేగం చాలు.

వానల్లో బయటికి కదల్లేమంటావా? థింసా ఉందిగా! ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, మోకాళ్లు వంచి, డప్పూ తుడుమూ చెప్పినట్టు అడుగులేస్తూ గుండ్రంగా తిరగడం. బడి వరండాలో పిల్లలతో కాసేపు ఆడి చూడు, పిక్కలే చెబుతాయి. దానికి డబ్బు కట్టి జిమ్‌లో చేరాలా?

ఇదంతా కుర్చీలో కూర్చుని పనిచేసే నీకు. పోడులో నడుం వంచి, కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని కొండ దిగొచ్చే ఆవిడకి ఎవరైనా వాకింగ్ చెయ్యమంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ శ్రమా వ్యాయామం లెక్కలోకే వస్తుంది. ఆవిడకి కావలసింది మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడం, చోడి అంబలి పక్కన ఓ గుడ్డో, ఇంత పప్పో.

అన్నట్టు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందన్నావు. దాన్ని బద్ధకం కింద జమకట్టకు. ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకంటే తగ్గితే రక్తహీనతే. అది సరిచేసుకోకుండా అడుగులు పెంచితే నీరసమే మిగులుతుంది. ఐరన్ మాత్ర ఇస్తే కాఫీతో మింగకు. కాఫీ తోటల నడుమ ఉండి కాఫీ మానమంటే పాపం, రెంటికీ మధ్య ఓ గంటైనా ఎడం పెట్టు.

మన మన్యంలో సికిల్ సెల్ జబ్బు కూడా ఉంది కదా. 2047 నాటికి దాన్ని లేకుండా చేయాలని కేంద్రం 2023 జులై 1న మిషన్ మొదలుపెట్టింది. ఆ జబ్బు ఉన్నవాళ్లకి చలి, ఒంట్లో నీరు తగ్గడం, మితిమీరిన శ్రమ, ఏదైనా విపరీతమైన నొప్పులు తెచ్చిపెట్టొచ్చు. వాళ్లకి మంచులో తెల్లవారుజాము నడక అసలు వద్దు. ఎండ కాశాక, నీళ్ల సీసా పట్టుకుని, అలుపు రాకముందే ఆగుతూ నడవాలి. ఐరన్ మాత్రలు కూడా డాక్టర్ చెబితేనే.

అందుకని ఈ వారం బూట్లు అటకమీదే ఉండనీ. దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి హిమోగ్లోబిన్, సికిల్ సెల్ పరీక్షలు రెండూ చేయించుకో. ఆ చీటీలో ఏముందో నాకు రాయి, నీ వారం లెక్క ఇద్దరం కూర్చుని వేసుకుందాం.