ప్రేగు పూతకు మందులు: ఏది ఎంతకాలం?

"రక్తం ఆగింది గదండీ, ఆ ఇంగ్లీషు మందులు మాని మీ కషాయం పుచ్చుకోవచ్చునా?" పెద్దప్రేగు పూత (అల్సరేటివ్ కొలైటిస్), క్రోన్స్ వ్యాధి గలవారు నన్ను తరచు అడిగే ప్రశ్న యిది. మానరాదనియే నా సమాధానం. అందుకు కారణం తెలుసుకొనుట మేలు.

వ్యాధి నిర్ణయం: చరక సంహిత చికిత్సాస్థానంలో గ్రహణీ రోగం 15వ అధ్యాయంలోను, అతిసారం 19వ అధ్యాయంలోను వివరింపబడినవి. రక్తం, జిగట పడుటలో పెద్దప్రేగు పూత రక్తాతిసారాన్ని పోలియుండును. కాని అమీబిక్ విరేచనాలు, ప్రేగుల క్షయ కూడా ఇట్లే కనబడవచ్చును. కావున మల పరీక్ష, కొలనోస్కోపీ ముందు, ఔషధం తరువాత.

మంట నార్పు మందులు: ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు వ్యాధి ఉద్రేకాన్ని త్వరగా అణచును. వ్యాధి తిరుగబెట్టకుండ ఆపు శక్తి వీటికి లేదు. దీర్ఘకాలం వాడినచో ఎముకలు గుల్లబారును, రక్తంలో చక్కెర పెరుగును. అట్లని ఒక్కసారిగా మానరాదు. వాడకంతో అడ్రినల్ గ్రంథులు మందగించి యుండును. హఠాత్తుగా మానిన రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలుగవచ్చును. వైద్యుని సలహాపై మోతాదును క్రమంగా తగ్గించవలెను.

కాపలా మందులు: పెద్దప్రేగు పూతకు మెసలమైన్, సల్ఫాసలజైన్ వాడుదురు. బాధ లేనపుడు కూడా వీటిని కొనసాగించవలెను. పూత ప్రేగు చివరి భాగంలో ఉన్నచో మెసలమైన్‌ను మన వస్తి విధానంవలె ఎనిమాగా ఇత్తురు. క్రోన్స్ వ్యాధిలో దీని ప్రయోజనం స్వల్పం. అజాథయోప్రిన్ గుణమిచ్చుటకు రెండు మూడు నెలలు పట్టును. అది వాడునంతకాలం రక్త పరీక్షలు తప్పవు. వీటికి లొంగనిచో ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి ఇంజెక్షన్లు కలవు. అవి దాగియున్న క్షయను మేల్కొలుపగలవు గనుక ముందుగా క్షయ పరీక్ష చేయించవలెను.

మన ఔషధాల స్థానం: 2006లో జపాను వైద్యులు వ్యాధి శాంతించియున్న 89 మంది పెద్దప్రేగు పూత రోగులపై ఒక పరిశోధన ప్రకటించిరి. మామూలు మందులతోపాటు రోజుకు 2 గ్రాముల కర్క్యుమిన్ ఆరు నెలలు తీసికొన్నవారిలో వ్యాధి తక్కువగా తిరుగబెట్టినది. మందులు మానకయే ఈ ఫలితం లభించినదని గమనింపుడు. వంటింటి పసుపులో కర్క్యుమిన్ కొద్దిపాటియే. కుటజం (కొడిసెపాల) వంటివి వాడదలచిన, ఇద్దరు వైద్యులకూ తెలిపి వాడవలెను.

పథ్యం: పులియని పలుచని మజ్జిగ, మెత్తని అన్నం హితకరం. పాలు పడనివారు మజ్జిగను కొద్దిగా పుచ్చుకొని చూడవలెను. ఒంటినొప్పులకు డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ సొంతంగా మింగరాదు. అవి ప్రేగు పూతను రేపవచ్చును.

హెచ్చరిక: దినానికి ఆరు లేక అంతకుమించి రక్త విరేచనాలు, జ్వరం, వేగంగా కొట్టుకొను నాడి ఉన్నచో గృహవైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.