రెండో బాణం చెల్లుతుంది

తిరువూరు

చిరంజీవి చిన్నాకి,

నువ్వు పంపిన పొడుగాటి మెసేజి నిదానంగా చదివాను. సంక్రాంతి సెలవుల్లో మన వసారాలో చాపేసుకుని, పాచికలు దొర్లిస్తూ మీరంతా అల్లుకున్న రాజ్యాలు నాకు గుర్తే. మీ కోటకి కొండపల్లి అని పేరు పెట్టుకుంటే ముచ్చటపడ్డాను కూడా. ఆ ఆట మీద వాదులాడుకుని మాటలు మానేసేదాకా వచ్చారంటే మనసు చివుక్కుమంది. ఆటే కదా, వదిలెయ్యమని మీ అమ్మలా నేననను. అది వాదించదగ్గ విషయమే. నువ్వు వాదించిన తీరే నాకు నచ్చలేదు.

నువ్వు రాసినదాన్ని బట్టి, నీతో తగువుపడిన మీవాడి మాంత్రికుడు ఒకే రాత్రి అగ్నిబాణం రెండుసార్లు వేశాడు. రెండోది నీ రాజు మీదికొచ్చింది. ఆట నడిపేది నువ్వే కాబట్టి ‘రాత్రికి ఒక్కసారే’ అని అప్పటికప్పుడు తీర్పు చెప్పేశావు. ఆ మాట ఆటకి ముందు ఎవరికైనా చెప్పావా? చెప్పలేదు. నీ రాజు ప్రాణం మీదికి వచ్చాక పుట్టిన నియమం అది. వాడికి కోపం రాక ఏమవుతుంది?

కర్ణుడి సంగతి ఒకసారి తలుచుకో. కవచకుండలాలు ఒలిచి ఇచ్చినందుకు ఇంద్రుడు అతనికి శక్తి అనే ఆయుధం ఇచ్చాడు. ఇచ్చేటప్పుడే చెప్పాడు: ఒక్కసారే, ఒక్కరిమీదే, ఆ తర్వాత అది తిరిగి నా దగ్గరికి వచ్చేస్తుంది అని. కర్ణుడు దాన్ని అర్జునుడి కోసం దాచుకున్నాడు. పద్నాలుగో రోజు పొద్దుగూకినా యుద్ధం ఆగలేదు. చీకట్లో రాక్షస మాయకి బలం ఎక్కువ. ఘటోత్కచుడు కౌరవ సేనని ఊచకోత కోస్తుంటే, దాచింది చాలు, వెయ్యమని అందరూ కర్ణుణ్ణి వేడుకున్నారు. వేశాడు. ఘటోత్కచుడు కూలిపోతూ ఒళ్లు పెంచి శత్రుసేన మీదే పడ్డాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడొక్కడూ సంతోషించాడు, అర్జునుడికి గండం గడిచిందని. ఆ ఒక్క షరతు లేకపోతే ఈ ఘట్టంలో ఏముంది చెప్పు? ఎవరిని కాపాడాలి, దేన్ని ఖర్చుపెట్టాలి అన్న తర్జనభర్జన అంతా దానిలోంచే వచ్చింది. పైగా ఆ షరతు కర్ణుడికి ముందే తెలుసు, కృష్ణుడికీ తెలుసు. మీ ఆటలో లోపించింది అదే.

అశ్వత్థామని చూడు. గడ్డిపరకని బ్రహ్మశిరోస్త్రం చేసి వదిలాడు. అర్జునుడూ దానికి ఎదురు వేశాడు. వ్యాసుడూ నారదుడూ అడ్డం నిలిస్తే అర్జునుడు తనది వెనక్కి తీసుకోగలిగాడు, అశ్వత్థామ తీసుకోలేకపోయాడు. ప్రయోగం వచ్చు, ఉపసంహారం రాదు. మీ మంత్రాల్లో అలాంటిది ఒక్కటి పెట్టి చూడు, ఆడేవాళ్లు పాచిక వేసే ముందు ఎంత ఆలోచిస్తారో.

మీ ఆట లాంటిదే అయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని 1974లో అమెరికాలో గ్యారీ గైగ్యాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చారు. బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధాల ఆటలోంచి పుట్టింది కాబట్టి దానికి లెక్క ముఖ్యం. 1980లో ఆ ఆట కోసం వేసిన దేవతల పుస్తకంలో మన ఇంద్రుడికీ అగ్నికీ కూడా ప్రాణబలం అంకెల్లో కట్టారు. దాన్ని నేను తప్పుపట్టను, ఆటకి లెక్క కావాలి. కానీ ఇంద్రుడి ఆయుధం ఎందుకు తిరిగి వెళ్లిపోతుందో అంకె చెప్పలేదు. అది మీరే ఆలోచించి రాసుకోవాలి.

ఇక యుద్ధం. మీరు కొండపల్లిని మూడు రోజుల్లో కూల్చేశారు! కృష్ణదేవరాయలకి గజపతుల చేతిలోని ఉదయగిరి లొంగడానికి ఏడాదిన్నర పట్టింది. సైన్యం కోట దగ్గరికి చేరడానికి బండగుట్టలు కొట్టించి దారి చేయించాడని న్యూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు రాశాడు. 1515లో కొండవీడు, ఆ తర్వాత మన కొండపల్లి. కొండమీది కోటని ముట్టడించినప్పుడు లోపల గింజలెన్ని, నీళ్లెన్నాళ్లు వస్తాయి, కింద ఏనుగులకి మేత ఎక్కణ్ణుంచి తెస్తారు అన్నవే అసలు ప్రశ్నలు. మీ ఆటలో ఎవరూ అన్నం తినరు.

ఒక్క విషయంలో మాత్రం పట్టు సడలించు. ఇంకొకడు తన వంశం పుట్టుక గురించి కొత్త కథ చెబితే ‘భారతంలో అలా లేదు’ అని కొట్టిపారేశావట. శశిరేఖ కూడా వ్యాస భారతంలో లేదురా. అయినా 1957లో వచ్చిన కె.వి.రెడ్డి ‘మాయాబజార్’ తర్వాత ఆ పిల్ల లేని తెలుగిల్లు ఉందా? ఒకే పుట్టుకకి రెండు రాజ్యాలవాళ్లు రెండు కథలు చెప్పుకోనీ, తగువు ఇంకా రుచిగా ఉంటుంది. కథకి పాఠాంతరాలు ఉండొచ్చు, అస్త్రానికే ఉండకూడదు.

ముందు మీవాడికి ఫోన్ చెయ్యి. మెసేజి కాదు, ఫోన్. రెండో బాణం చెల్లుతుందని చెప్పు. నీ రాజు పోతే పోనీ, కొడుకుని గద్దె మీద కూర్చోబెట్టి ఆట సాగించు. ఆ తర్వాత ఏ అస్త్రం ఎన్నిసార్లు, దానికి వేసినవాడు ఏం పోగొట్టుకోవాలి అన్నది అందరూ కలిసి కాగితం మీద పెట్టండి. దసరాకి మీరంతా వస్తే కారు మాట్లాడి కొండపల్లి కోటకి తీసుకెళతాను. ఆ మెట్లు ఎక్కాక, మూడు రోజుల ముట్టడి సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ పెదనాన్న