ముల్లంగి: పేరులోని మూలం, వాడుకలోని వివేకం

మన ఇళ్ళలో సాంబారులోను, పులుసులోను తరచుగా కనిపించే ముల్లంగికి సంస్కృతంలో ‘మూలకం’ అని పేరు. మూలమనగా వేరు. వేరునే ప్రధానంగా భుజిస్తాము కనుక ఆ పేరు సార్థకం. హిందీవారి ‘మూలీ’ ఈ శబ్దం నుండి వచ్చినదే. కన్నడంలోని ‘మూలంగి’, తమిళంలోని ‘ముళ్ళంగి’, మన ‘ముల్లంగి’ తోబుట్టువుల వంటి మాటలు. విశేషమేమంటే, ఆంగ్లంలోని ‘రాడిష్’ కూడా వేరు అనే అర్థం గల ‘రాడిక్స్’ అను లాటిన్ పదం నుండి పుట్టినదే. భావప్రకాశకారుడు చిన్న ముల్లంగిని లఘుమూలకమని, ఏనుగు దంతం వలె ఉండే పెద్దదానిని నేపాల మూలకమని వేరు చేసి చెప్పాడు.

అయితే పేరు తెలిసినంత మాత్రాన గుణం తెలిసినట్లు కాదు. నేను వైద్యవృత్తి ఆరంభించిన కొత్తలో, అజీర్ణంతో బాధపడే ఉపాధ్యాయుడొకరికి “ముల్లంగి తినండి” అని మాత్రం చెప్పి పంపాను. వారు బాగా ముదిరి బెండువారిన ముల్లంగిని పచ్చిగా, పరగడుపున, వారం రోజులు తిన్నారు. కడుపులో మంట, పుల్లని త్రేన్పులు పట్టుకొని తిరిగి వచ్చారు. సంగతి విన్న మా గురువుగారు, “నీవు ఔషధం చెప్పలేదు నాయనా, పేరు చెప్పావు” అన్నారు. ఆ మాట నేటికీ మరువలేదు.

గుణభేదాలు

చరక సంహితలోని అన్నపానవిధి అధ్యాయంలో ఈ భేదం స్పష్టంగా ఉన్నది. లేత ముల్లంగి దోషహరం. ముదిరినది త్రిదోషకరం. నేతితోగాని నూనెతోగాని వండినది వాతహరం. ఎండినది కఫవాతాలను జయిస్తుంది. ఒకే వేరు, నాలుగు గుణాలు!

ఆధునిక శాస్త్రం ప్రకారం, ముల్లంగిని కోసినప్పుడు లేక నమిలినప్పుడు కణాలు చిట్లి, అందులోని ఒక ఎంజైము గంధక సంబంధమైన పదార్థాన్ని ఘాటుగా మారుస్తుంది. ఉడికిస్తే ఆ ఘాటు తగ్గుతుంది.

వాడే విధానం

1. గోటితో గిచ్చితే సులువుగా తెగే లేత ముల్లంగినే ఎంచుకోవాలి.

2. ముక్కలను కొద్ది నేతిలో మగ్గించి, జీలకర్ర, మిరియాలపొడి చేర్చి మధ్యాహ్న భోజనంలో తీసుకోవాలి.

3. లేత ఆకులను పారవేయక పెసరపప్పుతో వండుకోవచ్చు.

4. ముల్లంగి తిన్న వెంటనే పాలు త్రాగరాదని చరకుని నిషేధం.

హెచ్చరిక

కడుపులో పుండు, ఆమ్లపిత్తం ఉన్నవారు పచ్చి ముల్లంగి తినరాదు. మూత్రపిండాలలో రాళ్ళకు ముల్లంగి రసమే చాలునని కాలయాపన చేయడం ప్రమాదకరం. నొప్పితో పాటు జ్వరం వచ్చినా, మూత్రం ఆగినా తక్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి.

కావున గృహిణులారా, ఎవరైనా “ముల్లంగి మంచిది” అన్నప్పుడు, “లేతదా, ముదురుదా? పచ్చిదా, వండినదా? ఎవరికి?” అని అడగండి. ఆ ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతనే అది పథ్యమవుతుంది.